తల దాచుకునే స్టెప్పు

జంట డ్యాన్సులో లాగేవాడు నిజంగా లాగకూడదు. నేను నేర్పే మొదటి పాఠం ఇదే. అబ్బాయి మణికట్టు పట్టుకుని అమ్మాయిని తన వైపు తిప్పుకుంటున్నట్టు చూసేవాళ్లకు కనబడాలి, పట్టు మాత్రం వదులుగా ఉండాలి. తిరిగే పనంతా అమ్మాయిదే. తోసేటప్పుడూ అంతే. తోసే చెయ్యి గాలిలోనే ఆగిపోవాలి, వెనక్కి పడే అమ్మాయి తనంతట తాను పడాలి. ఈ ఒక్క కిటుకు వంటబడితే ఎంత పెద్ద గొడవనైనా ఎవరికీ గీత పడకుండా ఆడేయొచ్చు. వంటబడకపోతే గాజులు పగులుతాయి.

వనపర్తిలో ఎరువుల దుకాణం మీద ఒక రేకుల గది అద్దెకు తీసుకుని, అక్కడే ఉంటూ నేను డ్యాన్సు నేర్పుతాను. చలికాలంలో బడుల వార్షికోత్సవాలు, వేసవిలో సెలవు పిల్లలు, పెళ్లిళ్ల కాలంలో పెళ్లిజంటలు. మా పాలమూరు దిక్కుకు కూడా సంగీత్ వచ్చేసింది మరి. మొన్నమొన్నటి దాకా పెళ్లికూతురు పీటల మీద తల ఎత్తితే ముసలమ్మలు గుసగుసలాడేవారు. ఇప్పుడు పెళ్లికి ముందురోజు ఆ పిల్ల స్టేజీ ఎక్కి ఆడకపోతే అదే ముసలమ్మలు చిన్నబుచ్చుకుంటున్నారు. నాకు అన్నం పెట్టే పని కాబట్టి నేనేమీ అనను. అంటే అన్నాను గానీ, నా నోరు కొంచెం పెద్దదే. నాగర్‌కర్నూల్‌లో ఉండే మా అమ్మ అంటుంది, "నీ కాలు తాళం తప్పది గని నోరు తప్పుతది" అని. అంత నోరూ ఒక వేసవిలో మూతబడింది. భయంతో మూతబడింది.

ఆ జంటలో అమ్మాయిది వీపనగండ్ల దగ్గర పల్లె. అబ్బాయిది అయిజ. వాళ్లింట్లో విత్తనపత్తి సాగు, ఇంటిముందు రెండు కార్లు. ఇద్దరూ వనపర్తిలో డిగ్రీ చదివే రోజుల్లో ఇష్టపడ్డారు, పెద్దవాళ్లను ఒప్పించారు. పెళ్లి గద్వాలలో, అబ్బాయి వాళ్లు మాట్లాడిన ఫంక్షన్ హాల్లో. దానికి ముందురోజు మధ్యాహ్నం సంగీత్.

అబ్బాయి తన కారులో వచ్చేవాడు. అమ్మాయిని వాళ్ల నాన్న బండి మీద తీసుకొచ్చేవాడు. బక్కపలచని మనిషి, భుజం మీద తువ్వాల, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక సంచి. మొదటిరోజు ఆ సంచిలో పల్లికాయలు ఉడకబెట్టి తెచ్చాడు, నాకని. పైకి రమ్మంటే రాలేదు.

"బిడ్డ ఆడుతుంటే తండ్రి చూస్తడా మేడమ్? శరం గాదా," అని నవ్వాడు. "స్టేజీ మీద నలుగుట్ల చూస్త తియ్యి."

అలా చెప్పి కింద దుకాణంలో ఎరువుల బస్తాల పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఇరవై రోజులూ అక్కడే కూర్చున్నాడు. పాట మాత్రం ఆయనకు వినబడేది.

ఎలాంటి డ్యాన్సు కావాలో అబ్బాయే చెప్పాడు. మర్యాదస్తుడు, నన్ను మీరు అనకుండా మాట్లాడలేదు. "మామూలు లవ్ వద్దు మేడమ్. మేము కొట్లాడి కొట్లాడి ఒక్కటైనోళ్లం. గట్లనే చూపియ్యాలె. కొట్లాట ఉండాలె, అలుగుడు ఉండాలె, ఆఖరుకు నేను మోకాళ్ల మీద కూసోని ఉంగరం తొడగాలె. చూసెటోళ్లకు ఏడుపు రావాలె."

నాకు నచ్చింది. కొత్తగా ఏదైనా చేద్దామని నా కాళ్లు దురదపెడుతూనే ఉంటాయి. నాలుగు పాటల ముక్కలు కోసి ఒకటిగా అతికించాను. మొదటి ముక్కలో చూపులు కలుస్తాయి, రెండో దాంట్లో చేతులు కలుస్తాయి, మూడో దాంట్లో గొడవ, నాలుగో దాంట్లో రాజీ. గొడవకు పదహారు తాళాలు పెట్టాను, రాజీకి ముప్పై రెండు. జంట డ్యాన్సుల్లో ఎప్పుడూ ఇంతే. గొడవను అంతకంటే ఎక్కువసేపు జనం ఓర్చుకోరు, రాజీని మాత్రం ఎంతసేపైనా చూస్తారు.

గొడవ ముక్కలో నాలుగో తాళానికి అబ్బాయి కొట్టబోతున్నట్టు చెయ్యి లేపాలి, లేపి ఆగిపోవాలి. అమ్మాయి కదలకుండా అతని కళ్లలోకి చూడాలి. ఇది నేను కూర్చిన పద్ధతి. రెండోరోజు మొదటిసారి పాట పెట్టి చేయించాను. అతని చెయ్యి లేచింది. అమ్మాయి అతని కళ్లలోకి చూడలేదు. రెండు మోచేతులూ పైకి వచ్చాయి, తల వాటి కిందికి దూరింది, మోకాళ్లు వంగాయి, ఒళ్లంతా ఒక పక్కకు ముడుచుకుపోయింది. రెప్పపాటులో అయిపోయింది.

నేను చప్పట్లు కొట్టాను.

అదే నేను చేసిన తప్పు. డ్యాన్సు నేర్పేవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు. వంటమనిషో బడిపంతులమ్మో అయితే ఆ పిల్లకు ఏమైందని అడిగేవారు. నేను దాని అందం చూశాను. "ఇదే! నేను చెప్పింది వద్దు, ఇదే ఉంచుదాం. సరిగ్గా నాలుగో తాళానికి పడింది చూడు! నీకు అభినయం పుట్టుకతోనే వచ్చింది," అన్నాను. ఇంకోసారి చేయించాను. ఇంకోసారీ చేయించాను. మోచేతులు ఇంకొంచెం వెడల్పు చేయమన్నాను, వెనక వరుసవాళ్లకు కూడా కనబడాలని. ఫోనులో వీడియో తీసి నా వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాను. 'నిజంగనే భయపడ్డట్టు చేసింది' అని ఎవరో రాస్తే దానికి ఎర్ర గుండె బొమ్మ పంపాను.

"చూసినవా, మేడమ్ మెచ్చుకుంటున్నది," అన్నాడు అబ్బాయి ఆమెతో. ఆమె చిన్నగా నవ్వి పిన్ను ఊడిన జుట్టు సర్దుకుంది.

అతనికి మొదటి పాఠం వంటబట్టలేదు. లాగొద్దంటే లాగేవాడు. "వదులుగా పట్టుకో నాయనా, ఆమే తిరుగుతది," అని రోజూ చెప్పేదాన్ని. ఆమె మణికట్టు చుట్టూ గాజులు ఒత్తుకున్న గుర్తులు పడేవి. కొత్తవాళ్లకు చెయ్యి బరువు ఉంటుంది, పోనుపోను పోతుందిలే అనుకున్నాను. నాకు నేను ఇలాంటివి చాలా చెప్పుకున్నాను.

ఆరోరోజో ఏడోరోజో రాజీ ముక్క నడుస్తుండగా నా ఫోన్‌కు కాల్ వచ్చింది. పాట నా ఫోన్‌లోంచే వస్తుంది కాబట్టి ఠక్కున ఆగిపోయింది. అబ్బాయికి విసుగొచ్చింది. "ఏందిది!" అంటూ చెయ్యి పైకి విసిరాడు. విసిరింది నా వైపు, ఫోన్ వైపు. ఆమెను చూడనుకూడా లేదు. పక్కనే ఉన్న ఆమె మోచేతులు పైకి లేచాయి. తల వాటి కిందికి దూరింది. మోకాళ్లు వంగాయి.

పాట లేదు. తాళం లేదు. రేకుల కింద ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

మరుక్షణమే ఆమె లేచి నవ్వింది, కాలు మడత పడిందని చెప్పింది. అతను ఆమె వైపు వంగి మెల్లగా అన్నాడు, నాకు వినబడదనుకుని. "యాక్టింగ్ బంద్ చెయ్."

నా చేతిలో ఫోను మోగుతూనే ఉంది. ఎత్తలేకపోయాను. ఐదు రోజులుగా నేను అందం అనుకుని దిద్దుతున్నదేమిటో నాకు అర్థమైంది. వెడల్పు చేయమని చెప్పింది ఏమిటో అర్థమైంది. వాళ్లు వెళ్లిపోగానే ఆ స్టేటస్ కోసం వెతికాను. అది ఒక రోజు ఉండి దానంతట అదే పోయింది, తీసేయడానికి కూడా ఏమీ మిగలలేదు.

మర్నాడు అబ్బాయి మెట్ల దగ్గరికి వెళ్లి ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నప్పుడు పాట చప్పుడు పెంచి ఆమె దగ్గరికి వెళ్లాను. "కొడుతడా?" అని అడిగాను. మెత్తగా అడగడం నాకు రాదు.

ఆమె తలుపు వైపు చూసింది. "ఎప్పుడన్న ఒకసారి మేడమ్. కోపం జాస్తి. మల్ల ఆయనే ఏడుస్తడు, కాళ్లు పట్టుకుంటడు."

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు. నేను కూర్చిన డ్యాన్సు అదే కదా! జుట్టుకు పదహారు తాళాలు, కాళ్లకు ముప్పై రెండు. అతను అడిగినదంతా తన కథేనని, దాన్ని నాతో అందంగా కుట్టించుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

"ఇంట్ల చెప్పినవా?"

"ఏమని చెప్పాలె? నాయిన వద్దన్నడు. నేనే మొండికేసి రెండు దినాలు అన్నం ముట్టలే. ఆ రెండు దినాలు నాయిన గూడ ముట్టలే. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకోని చెప్పాలె?"

"సరే. ఆ స్టెప్పు తీసేస్త. చెయ్యి లేపుడే వద్దు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. అంతవరకు లేని భయం ఆమె మొహంలోకి అప్పుడొచ్చింది. "వద్దు మేడమ్, తియ్యకుండ్రి. మీ కాల్మొక్త. ఆయన చెయ్యి లేస్తే నేను ఆపుకోలేను, నాకు తెల్వకుండనే అయితది. నలుగుట్ల అట్ల చేస్తే ఇజ్జత్ తీసినవంటడు. స్టెప్పుల ఉంటే డ్యాన్సు అనుకుంటరు గద. ఎవ్వరికి తెల్వది. అది ఉండనియ్యిండ్రి."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆమె నా చెయ్యి వదిలేసి ఒకటో తాళం దగ్గరికి పోయి నిలబడింది. నేను పాట మొదటినుంచి పెట్టాను.

తల దాచుకోవడానికి ఆ పిల్లకు ఉన్న చోటు ఆ ఒక్క స్టెప్పే. దాన్ని ఉంచితే నేను అతనికి వత్తాసు పలికినట్టు. తీస్తే ఆ పిల్లను ఎండలో నిలబెట్టినట్టు. ఉంచాను. ఉంచి, రోజూ నాలుగో తాళం దగ్గర కళ్లు దించుకున్నాను.

నేను అడిగిన విషయం అతనికి ఎలా తెలిసిందో తెలియదు. ఆమే చెప్పి ఉంటుంది, చెప్పేదాకా అడిగి ఉంటాడు. మర్నాడు అంత ఎండలో ఆమె మణికట్టు దాకా చేతులున్న చుడీదార్ వేసుకొచ్చింది. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. నేను అడిగినందుకు ఆమెకు దక్కింది అది. ఆరోజు వెళ్లేముందు అతను నా దగ్గరికి వచ్చి నవ్వుతూ నిలబడ్డాడు.

"మీరు డ్యాన్సు మంచిగ నేర్పుతరని వచ్చినం మేడమ్. డ్యాన్సు నేర్పుండ్రి, ముచ్చట్లు వద్దు. ఈడ ఒక్కరే ఉంటరు కదా? జర పైలం."

జాగ్రత్తగా ఉండమని, నా మంచికోరి చెప్పినట్టే చెప్పాడు. వాళ్లు దిగిపోయాక నా తలుపు గొళ్లెం చూసుకున్నాను. అప్పటిదాకా అది సన్నదని నాకు తోచలేదు. ఆ సాయంత్రమే బజారుకు పోయి పెద్ద తాళం కొనుక్కొచ్చాను. అప్పటినుంచి మెట్ల మీద ఎవరి చెప్పులు చప్పుడైనా నా గుండె ముందుగా లెక్కపెట్టడం మొదలుపెట్టేది. పాలు పోసే మనిషి వచ్చినా సరే.

పోలీసులకు చెప్పొచ్చు కదా అంటారు. అనుకున్నాను. ఆ పిల్ల కాదంటే? కాదనే అంటుంది, కాలు మడత పడిందంటుంది. ఆ తరువాత ఆమెకు ఏమవుతుంది? ఒక్క మాట అడిగితేనే చెయ్యి లేవకుండా పోయింది. నాకేమవుతుంది అని కూడా అనుకున్నాను. అబద్ధం చెప్పను, ఆ రెండో ప్రశ్నే ఎక్కువసార్లు వేసుకున్నాను.

ఒకరోజు వాళ్ల నాన్నకు చెప్పేద్దామని తెగించి కిందికి దిగాను. అబ్బాయి ఇంకా రాలేదు. ఆయన బల్ల మీద జరిగి నాకు చోటిచ్చాడు. నేను నోరు తెరిచేలోగా ఆయనే మొదలుపెట్టాడు.

"నేనే జర మొండికేసిన మేడమ్. పెద్దింటోళ్లు, మనకెందుకని. బిడ్డ అన్నం మానేసింది. దాని ముంగట నేనెంత? ఒప్పుకున్న." తువ్వాలతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు. "ఇప్పుడు సంతోషంగున్నది గద మేడమ్? పైన నవ్వుతదా?"

ఆయన అడిగినది ఒక్కటే మాట, దానికి నా దగ్గర జవాబు ఉంది. ఇంతలో వీధి మలుపులో అతని కారు హారన్ వినబడింది. "మంచిగ చేస్తున్నది," అన్నాను. పైకొచ్చి గది గోడకున్న పెద్ద అద్దంలో నా మొహం చూసుకోబుద్ధి కాలేదు.

సంగీత్ రోజు పొద్దున్నే బస్సెక్కాను. పెబ్బేరు దాటి, కృష్ణ వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తా దగ్గర బస్సు గద్వాల వైపు తిరిగేదాకా నాకు ఒకటే ఆలోచన. ఏదైనా అడ్డం వచ్చి ఈ డ్యాన్సు ఆగిపోతే బాగుండును. వాన రావాలి, కరెంటు పోవాలి, ఎవరికైనా జ్వరం రావాలి. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

హాలు నిండా జనం. నాలుగు మూలలా కూలర్లు హోరెత్తుతున్నాయి. డీజే మనిషి ఒక వైరు తెచ్చి నా ఫోనుకు తగిలించాడు. స్టేజీ ఎక్కేవాళ్లు స్టెప్పులు మరిచిపోతారు కాబట్టి నేర్పినవాళ్లం కింద ఎదురుగా నిలబడి చేతులతో చూపిస్తూ ఉంటాం. వాళ్లకు ఎడమ కావాలంటే మేం కుడి చూపించాలి. అందుకే పెళ్లికూతుళ్లు పెళ్లికొడుకును చూస్తూ ఆడుతున్నట్టు కనబడతారు గానీ నిజానికి మమ్మల్నే చూస్తుంటారు. ఆ పిల్ల ఆకుపచ్చ లంగా ఓణీలో స్టేజీ ఎక్కి నా కళ్ల కోసం వెతుక్కుంది. నేను ఎడమచేతిలో ఫోను, కుడిచేత్తో ఒకటో తాళం చూపించాను.

చూపులు కలిశాయి. చేతులు కలిశాయి. జనం ఈలలు వేశారు. మూడో ముక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. అతని చెయ్యి లేచింది. నాలుగుకు ఆమె మోచేతులు లేచి, తల దూరి, ఒళ్లు ముడుచుకుపోయింది. నేను చెప్పినంత వెడల్పుగా చేసింది.

హాలంతా దద్దరిల్లేలా చప్పట్లు. "ఏం చేసిందిరా!" అన్నారు ఎవరో. నేను వెనక్కి తిరిగి చూశాను. రెండో వరుసలో వియ్యాలవారి పక్కన కొత్త చొక్కాలో కూర్చున్న ఆమె నాన్న చప్పట్లు కొడుతున్నాడు. ముందు కొంచెం సిగ్గుగా కొట్టాడు. అందరూ కొడుతున్నారని చూసి గట్టిగా కొట్టాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

ఇది నేనే చేశాను. బిడ్డ భయానికి తండ్రి చేత చప్పట్లు కొట్టించాను.

రాజీ ముక్క వచ్చింది. అతను మోకాళ్ల మీద కూర్చుని జేబులోంచి ఉంగరం డబ్బీ తీశాడు. ఒక్కసారిగా సెల్‌ఫోన్లు లేచాయి. నా బొటనవేలు ఫోను తెర మీద ఉంది. పాట ఆగితే అతని చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు. లేవకపోతే పెళ్లివారి ముచ్చట చెడగొట్టిన పిచ్చిదాన్నవుతాను. లేస్తే ఆ పిల్ల దాచమని కాళ్లు మొక్కినదాన్ని ఇంతమంది ముందు బయట పెట్టినదాన్నవుతాను. నన్ను ఈ పని చేయమని ఎవరన్నారు? నోరు విప్పలేని పిరికిదాన్ని, వేలితో చెప్పబోతున్నాను. డబ్బీ మూత తెరుచుకుంది.

పాట ఆపేశాను.

కూలర్ల హోరు తప్ప ఏమీ లేదు. అతను డీజే వైపు చూశాడు, తరువాత నన్ను చూశాడు. దిగ్గున లేచాడు. "ఏయ్!" అన్నాడు, అంటూ చెయ్యి లేపాడు. నా మీదికే లేపాడు.

అతని పక్కన ఆకుపచ్చ ఓణీ కిందికి కుంగింది. మోచేతులు, తల, మోకాళ్లు. గాజులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు స్టేజీ కింద ఉన్న నాకు వినబడింది.

ఎవరో ఇద్దరు చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు. ఈసారి ఆమె వెంటనే లేవలేదు. కాలు మడత పడిందని నవ్వలేదు. అతనికి తెలిసివచ్చింది. చెయ్యి దించి, వంగి ఆమె భుజం పట్టుకున్నాడు. "లే, లే, పాట ఆగిందంతే," అన్నాడు. అతని వేళ్లు తగలగానే ఆమె ఇంకా చిన్నదైపోయింది.

ఆమె నాన్న లేచాడు. పక్కనున్న మెట్ల దాకా పోలేదు, ఎదురుగా స్టేజీ అంచు మీద మోకాలు పెట్టి ఎక్కాడు. అబ్బాయి నవ్వు తెచ్చుకున్నాడు.

"స్టెప్పే మామా. డ్యాన్సుల స్టెప్పే అది. ఇందాక చూడలే?"

ఆయన అతని మొహంలోకి చూశాడు. "పాటేది మరి?" అన్నాడు.

అంతే అడిగాడు. ఆయన బిడ్డ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమెను ముట్టుకోలేదు. చేతులు రెండూ తన మోకాళ్ల మీదే, ఆమెకు కనబడేట్టు పెట్టుకున్నాడు.

"లే బిడ్డా. ఇంటికి పోయి అన్నం తిందాం."

చాలాసేపటికి ఒక మోచెయ్యి కిందికి దిగింది. తరువాత రెండోది దిగింది.

ఆ తరువాత జరిగిన కేకలు, బతిమాలడాలు, ఫోన్లు అన్నీ మామూలు కేకలే. పెళ్లి ఆగిపోయింది. అబ్బాయి తరఫువాళ్లు నన్ను చుట్టుముట్టి పాట ఎందుకు ఆగిందని అడిగితే కాల్ వచ్చిందని చెప్పాను. పాట ఆగబట్టే ఇదంతా అయిందని వాళ్లు అయిజ నుంచి గద్వాల దాకా చెప్పుకున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని నవ్వుకునేదాన్నే గానీ, ఈసారి మద్దెల నిజంగానే ఓడు. ఓడు చేసింది నేనే. ఆ సంగతి అతనికి తెలిస్తే నా గతేమిటన్న భయంతో రెండు నెలలు బతికాను. ఒకసారి అతని కారు ఎరువుల దుకాణం ముందు చాలాసేపు ఆగి ఉంది. దుకాణదారుతో ఏదో మాట్లాడి, మేడ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. నేను కిటికీ కింద నేల మీద కూర్చుని ఉన్నాను. ఎలా కూర్చున్నానో తరువాత చూసుకున్నాను. తల మీద రెండు చేతులూ ఉన్నాయి.

మర్నాడే మా అమ్మ దగ్గరికి వెళ్లిపోయాను. నాగర్‌కర్నూల్‌లో పది రోజులు ఇల్లు కదల్లేదు. ఏమైందని అమ్మ అడిగితే పెళ్లిళ్ల కాలం అయిపోయిందని చెప్పాను. తిరిగొచ్చాక ఈ ఏడు పెళ్లిజంటలను ఒప్పుకోవడం లేదని చెప్పేశాను. పిల్లలకే నేర్పుతున్నాను. స్టెప్పు చూపించడానికి చెయ్యి లేపేముందు ఇప్పుడు చెప్పి లేపుతున్నాను.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నా గుండె మామూలుగానే లెక్కపెట్టింది. తలుపు తీస్తే ఆ పిల్ల, ఒక్కతే. బస్సులో వచ్చానంది. చేతిలో వాళ్ల నాన్న సంచి, అందులో పల్లికాయలు. నాన్న ఎలా ఉన్నాడంటే నాట్ల పని నడుస్తోందంది. బీఈడీలో చేరబోతున్నానంది. కూర్చోమంటే కూర్చోలేదు. గది నాలుగు మూలలూ చూసింది.

"మేడమ్, ఒక మాట అడుగుత. ఆ దినం ఫోనొచ్చి పాట ఆగిందంటిరి. నిజంగనే వచ్చిందా?"

అందరికీ చెప్పిన అబద్ధం నా నాలుక మీద తయారుగానే ఉంది. చెబితే సరిపోయేది. కాని కిందికి దిగి వాళ్ల నాన్నకు చెప్పిన "మంచిగ చేస్తున్నది" గుర్తొచ్చింది.

"రాలే. నేనే ఆపిన," అన్నాను.

తిడుతుందేమోనని ఎదురుచూశాను. దాచమని కాళ్లు మొక్కితే అంతమందిలో బయట పెట్టావని అడిగే హక్కు ఆమెకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా చేతులు పట్టుకుంటుందేమోనని కూడా లోపల ఎక్కడో అనుకున్నాను.

ఆమె సంచి బల్ల మీద పెట్టింది. నడుచుకుంటూ పోయి గది మధ్యలో, రెండోరోజు నేను చప్పట్లు కొట్టినప్పుడు తను ముడుచుకున్న చోట నిలబడింది. అక్కడినుంచి నా వైపు చూసింది. కోపం లేదు ఆ మొహంలో.

"జర ముందుగాల ఆపేది ఉండె మేడమ్," అంది.